ఒక్క పగలు, ఒక్క గుడి

ప్రాచ్య కళాశాలల్లో ఏటేటా విజ్ఞానయాత్ర సాగించుట ఆచారంగా వస్తున్నది. ఈ సంవత్సరం అనంతపురం నుండి బయలుదేరదలచిన ఒక యాత్రకు సంబంధించిన కార్యక్రమపత్రాన్ని మిత్రులొకరు నా అభిప్రాయం కోరుతూ పంపినారు. తెల్లవారుజామున ఐదు గంటలకు బయలుదేరుట, కల్యాణదుర్గంలో ఫలాహారం, తరువాత వరుసగా కంబదూరు, అమరాపురం, హేమావతి, మడకశిర, పెనుకొండ, లేపాక్షి, రాత్రి పదకొండు గంటలకు తిరిగి చేరుట. కంబదూరుకు ఎదురుగా 'ఇరవై నిమిషాలు' అని వ్రాసి ఉన్నది. మల్లికార్జునస్వామి దర్శనం, ఛాయాచిత్రం తీయుట, మంచినీళ్ళు త్రాగుట, అందరూ తిరిగి బస్సెక్కుట, ఇవన్నీ ఆ ఇరవై నిమిషాల్లోనే జరుగవలెను.

నేను ఆ పత్రం మీద ఒక్క వాక్యం వ్రాసి త్రిప్పి పంపినాను. తక్కిన ఐదు ఊళ్ళ పేర్లూ కొట్టివేసి ఆ పగలంతా కంబదూరుకే ఇవ్వండని. మిత్రులు నొచ్చుకొన్నారు. బస్సు బాడుగ ఇచ్చి ఒక్క ఊరికే పోయివచ్చుట దుబారా కాదా, హేమావతిని లేపాక్షిని విడిచిపెట్టి పిల్లలు ఆ మారుమూల పల్లెలో రోజంతా ఏమి చేస్తారు అని వారి ఆక్షేపణ. అది త్రోసిపుచ్చదగిన ఆక్షేపణ కాదు. అందుకే ఒక్క వాక్యంలో చెప్పినదాన్ని ఇక్కడ కొంత విపులంగా చెప్పదలచినాను.

ఈ తలంపు నాకు శాస్త్రగ్రంథాల నుండి పుట్టలేదు. పూర్వ విద్యార్థి ఒకడు చెప్పిన కబురు నుండి పుట్టినది. అతడిది కల్యాణదుర్గం ప్రాంతపు పల్లె. సంస్కృతం కొంతకాలం చదివి, తరువాత వేరు మార్గం పట్టి, ఉద్యోగరీత్యా దేశాలు తిరుగుతున్నాడు. మొన్నటి మార్గశిరంలో వచ్చినప్పుడు తాను ఏథెన్సు నగరం నుండి కారు బాడుగకు తీసుకొని సూనియం అనే సముద్రతీరపు గుడిని చూచి వచ్చిన వృత్తాంతం చెప్పినాడు. అట్టికా భూభాగం దక్షిణాన సముద్రంలోనికి చొచ్చుకొనిపోయి ముగిసేచోట ఒక కొండకొమ్ము ఉన్నది. దాని మీద సముద్రదేవుడైన పొసైడన్ ఆలయం. ఏథెన్సు నుండి సుమారు డెబ్బై కిలోమీటర్లు. అనంతపురం నుండి కల్యాణదుర్గం మీదుగా కంబదూరుకు పోయినా ఇంచుమించు అంతే దూరమవుతుంది.

అతడు చెప్పినదానిలో నన్ను ఆకర్షించినది ఆ గుడి అందం కాదు; దాన్ని చూచే పద్ధతి. అక్కడికి పోయేవారు సాధారణంగా ఆ పూట వేరొక చోటికి పోరట. మధ్యాహ్నం దాటిన తరువాత బయలుదేరి, తీరం వెంబడి మెల్లగా పోయి, రాతి గట్ల మీద కూర్చొని, సూర్యుడు సముద్రంలోనికి దిగేంతవరకు స్తంభాల మీద వెలుగు మారుటను చూచి, చీకటి పడినాక మరలుతారు. ఒక్క గుడికి అరపగలు. "అంతసేపు ఏమి చూచినావురా?" అని అడిగినాను. "మొదటి గంట ఏమీ కనబడలేదయ్యవారూ, విరిగిన స్తంభాలు తప్ప. తరువాత లెక్కబెట్టినాను. తరువాత వాటి మీద గాడులు లెక్కబెట్టినాను. అప్పుడు తక్కినవి కనబడినాయి" అన్నాడు. శాస్త్రాధ్యయనంలో మేము ఏండ్ల తరబడి చెప్పినదాన్ని అతడు సముద్రం ఒడ్డున ఒక్క సాయంకాలంలో నేర్చుకొన్నాడని సంతోషించినాను.

ఆ గాడుల సంగతి కొంచెం చెప్పవలెను. క్రీస్తుకు పూర్వం 444, 440 సంవత్సరాల నడుమ కట్టినట్లు భావించే ఆ ఆలయానికి మొదట చుట్టూ ముప్పది నాలుగు స్తంభాలు ఉండినవి. నేడు సగానికి లోపే నిలిచి ఉన్నవి. ఆ జాతి స్తంభాలకు నిలువుగా ఇరవై గాడులు చెక్కుట ఆ దేశపు శిల్పుల వాడుక. సూనియంలో పదహారే చెక్కినారు. గాడులు తగ్గితే వాటి మధ్య అంచులు మొద్దుగా, బలంగా ఉంటవి. ఉప్పుగాలికి త్వరగా అరిగిపోవని శిల్పి ఆలోచించి ఉంటాడని పండితుల ఊహ. శాస్త్రం ఒకటి, స్థలం ఒకటి. స్థలాన్ని చూచి శాస్త్రాన్ని సవరించుకొన్న శిల్పి మన మానసార మయమతాలు చదివేవారికి పరాయివాడు కాడు. ఇరవై నిమిషాలలో ఈ గాడులు ఎవరు లెక్కబెడతారు?

మరొక విశేషం. క్రీస్తుశకం రెండవ శతాబ్దిలో ఆ దేశమంతా తిరిగి యాత్రాగ్రంథం వ్రాసిన పౌసానియాస్, తన గ్రంథారంభంలోనే సూనియం కొమ్ము మీది గుడి ఎథీనా దేవిదని వ్రాసినాడు. ఎథీనా గుడి ఆ సమీపంలో వేరే ఉన్నది. కొండకొమ్ము మీదిది పొసైడన్‌ది. పందొమ్మిదవ శతాబ్ది చివర త్రవ్వకాల్లో బయటపడిన ఒక శాసనం ఆ పొరపాటును దిద్దినది. స్వదేశపు భాష తెలిసి, స్వయంగా ఊరూరా తిరిగిన పండితుడికే ఏ గుడి ఏ దేవుడిదో తప్పిపోయినది. దాన్ని సరిచేసినది రాతి మీద ఉన్న నాలుగు అక్షరాలు. ఈ మాట కంబదూరు విషయంలో మరల అవసరమవుతుంది.

"మరి కంబదూరు గుడి చూచినావా?" అని అడిగినాను. తల వంచుకొన్నాడు. చిన్ననాడు తిరునాళ్ళకు పోయినట్లు జ్ఞాపకమట. మిఠాయి అంగడి జ్ఞాపకమున్నది, గుడి జ్ఞాపకం లేదు. మరునాడే ఇద్దరమూ బయలుదేరినాము.

అనంతపురం పీఠభూమిని ఎరిగినవారికి ఆ దారిని వర్ణించవలసిన పని లేదు. ఎర్రనేలలు, గుండ్రాళ్ళ గుట్టలు, వేరుశనగ పెరికిన తరువాతి బోడిచేలు, అక్కడక్కడ కంది సాళ్ళు, నీరు లేని వంకలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. అదీ ఏ ఏడు ఎప్పుడు వస్తుందో నమ్మకం లేదు. కంబమంటే తెలుగులోనూ కన్నడంలోనూ స్తంభమే కనుక, కంబదూరు అనే పేరు వినగానే ఆ మాట స్ఫురిస్తుంది. గుడిలో అడుగుపెట్టినాక ఆ స్ఫురణ మరింత గట్టిపడుతుంది. మేము కారు దిగి గుడివైపు నడుస్తుండగా అరుగు మీద కూర్చొన్న ముసలమ్మ ఒకామె పలుకరించినది. "కరువు రాసుకొనేకి వచ్చినారా నాయనా?"

ఆ ప్రశ్న నన్ను నిలువరించినది. బయటి ఊరి కారు ఆ పల్లెలోనికి వచ్చుటకు ఆమెకు తెలిసిన కారణాలు రెండే అయి ఉండవలెను: ఓట్లు, కరువు. "లేదమ్మా, గుడి చూసేకి వచ్చినాము" అన్నాను. "గుడి చూసేకి ఇంత దూరమా సామీ!" అని ఆశ్చర్యపడి, "అట్లయితే సందేళ దీపం పెట్టేదాకా ఉండి పొండి" అన్నది. సూనియంలో సాయంకాలం దాకా ఉండుమని వారికి ఎవరు చెప్పినారో ఎరుగను. మాకు చెప్పినది మాత్రం ఆ అవ్వ.

కంబదూరు ఒకనాడు నొళంబులు ఏలిన సీమలోనిది. నొళంబవాడి ముప్పదిరెండువేలు అని శాసనాల్లో ప్రసిద్ధమైన ఈ నాటికి రాజధాని హెంజేరు. అదే నేటి హేమావతి. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినది. కంబదూరు అనంతపురం జిల్లాలోనే ఉన్నది. 2022లో గీచిన ఆ గీత పదవ శతాబ్దపు శిల్పికి తెలియదు. తొమ్మిదవ శతాబ్ది చివర మహేంద్ర నొళంబుని కాలంలో ఉచ్ఛస్థితికి వచ్చిన ఆ వంశం, పదవ శతాబ్ది ఉత్తరార్ధంలో నొళంబకులాంతకుడని బిరుదు ధరించిన గంగ మారసింహుని చేత దెబ్బతిన్నది. తరువాత చోళుల, చాళుక్యుల పోటీ. ఆపైన నిడుగల్లు చోళుల ఏలుబడి. గుళ్ళు కట్టించిన చేతులు మారినవి కాని ఈ సీమ శిల్పులకు నల్లరాతి మీద మోజు తగ్గలేదు. అద్దంవలె మెరుగుపెట్టిన ఆ నల్లరాతిని తాకి చూచినవాడు లేపాక్షి గరుకు రాతికీ దీనికీ భేదాన్ని అరచేతితోనే గ్రహిస్తాడు. (లేపాక్షిలో వ్రేలాడే స్తంభం క్రింద చేతిరుమాలు దూర్చి, అది ఇవతలికి రాగానే లేపాక్షి చూచినట్లే తలచే యాత్రికులను గూర్చి వేరొకసారి వ్రాస్తాను.)

ఉదయం పదకొండు గంటల దాకా మేమిద్దరమూ ఏమీ చూడలేదనే చెప్పవలెను. స్వామి దర్శనమైనది, అర్చకులు తీర్థమిచ్చినారు, ఊరూ పేరూ విచారించినారు. తరువాత ఒక స్తంభం ప్రక్కన కూర్చొన్నాము. అప్పుడు ఒక పని చేయవలసి వచ్చినది. దాన్ని దాచి ఈ వ్యాసం వ్రాయుట న్యాయం కాదు.

యాభై ఏండ్ల క్రితం, నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో, ఇటువంటి విజ్ఞానయాత్రలోనే ఈ గుడికి వచ్చినాను. ఎంతసేపు ఉన్నామో లెక్క తెలియదు. పది పదిహేను నిమిషాలై ఉండవచ్చు. తోడి విద్యార్థి ఒకడు మేకు ఇచ్చినాడు. స్తంభం మీద నా పేరులోని మొదటి రెండక్షరాలు గీకినాను. నల్లరాయి గట్టిది, మేకు లోతుగా దిగలేదు. అయినా తెల్లని గీత పడినది. ఆ గీత ఉన్నదా, అరిగిపోయినదా అని వెదకినాను. ఉన్నది. దాని చుట్టూ మరి పదిమంది పేర్లు చేరినవి. కొన్నిటికి హృదయం గుర్తు, బాణం కూడ ఉన్నవి. నా అక్షరాలు వారికి దారి చూపినవేమో. శిష్యునికి చూపినాను. కొంతసేపు మాటాడలేదు. తరువాత నవ్వి, "సూనియంలో బైరన్ కవి పేరు చూచినానయ్యవారూ. దాన్ని చూచేకే కొందరు వస్తారు. మీరు అంతటివారే" అన్నాడు.

ఆంగ్లకవి బైరన్ 1810లో సూనియం చూచినాడు. అతని పేరు అక్కడి స్తంభం మీద చెక్కి ఉన్నది. స్వహస్తంతో చెక్కినాడని లోకం చెప్పుకొంటున్నది. మరునాటి సంవత్సరం, ఏథెన్సు శిల్పాలను పెకలించి ఇంగ్లండుకు తరలించిన ఎల్గిన్ ప్రభువును నిందిస్తూ ఆ కవే ఘాటైన కావ్యం వ్రాసినాడు. ఇతరులు శిల్పాన్ని తీసికొనిపోతే కనబడే దోషం, తాను పేరు గీకితే కనబడదు. ఈ విషయంలో నేను బైరన్‌ను ఆక్షేపించే స్థితిలో లేను.

అయితే ఆ స్తంభం దగ్గర కూర్చొని ఒక సంగతి తీవ్రంగా ఆలోచించినాను. స్తంభం మీద పేరు చెక్కుట మన దేశంలో తప్పుగా ఎన్నడూ భావింపబడలేదు. నొళంబుల వంశక్రమం త్రినయన పల్లవుని మొదలుకొని మనకు తెలిసినది హేమావతి స్తంభశాసనం వలననే కదా! కార్లే గుహలోని స్తంభాల మీద ధేనుకాకటవాసులైన యవనుల పేర్లున్నవి. విదిశ దగ్గర బేస్‌నగరంలో, తక్షశిల నుండి రాయబారిగా వచ్చిన హెలియొడోరస్ అనే యవనుడు వాసుదేవునికి గరుడధ్వజం ఎత్తించి, దాని మీద తన పేరు, తండ్రి పేరు, తన రాజు పేరు వ్రాయించినాడు. అతడూ గ్రీకు వంశం వాడే, బైరన్ చూడబోయిన దేశపు సంతతివాడే. పైగా క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దివాడు. అతడి అక్షరాలను మనం శాసనమంటాము, భద్రపరుస్తాము, పాఠం చెప్పుతాము. నా రెండక్షరాలు రాతికి గాయం. భేదమెక్కడ ఉన్నది?

ప్రాచీనత భేదం కాదు. నా గీతలు వేయి సంవత్సరాలు నిలిచినా శాసనం కావు. లిపిసౌందర్యమూ భేదం కాదు; వంకరటింకర అక్షరాల శాసనాలు కోకొల్లలు. శాసనంలో పేరుతోపాటు దానమున్నది. యవనులు కార్లేలో స్తంభాన్నిచ్చినారు, హెలియొడోరస్ ధ్వజాన్నిచ్చినాడు. అతడు ఆ స్తంభం మీదనే దమము, త్యాగము, అప్రమాదము అనే మూడింటిని పేర్కొన్నాడు. ఇచ్చినవాని పేరు వస్తువుతో కూడి వస్తుంది. నా పేరు ఒంటరిగా వచ్చినది.

కంబదూరుకు నైరుతి దిక్కున ఉన్న అమరాపురం శాసనం దీనికి ఇంకను దగ్గరి ఉదాహరణ. శకవర్షం 1200, అనగా క్రీస్తుశకం 1278. నిడుగల్లు రాజు ఇరుంగోళుని ఏలుబడిలో మల్లిసెట్టి అనే జైనుడు తమ్మడహళ్ళిలోని రెండువేల పోకచెట్లను బ్రహ్మజినాలయానికి, అందులోని పార్శ్వదేవునికి ఇచ్చినాడు. మల్లిసెట్టి రాజు కాడు, కవి కాడు. ఏడువందల సంవత్సరాలు దాటినా మనం అతడి పేరు పలుకుతున్నాము. నా దృష్టిలో ఆ శాసనంలో రెండువేల పోకచెట్లే అన్నిటికన్న గొప్ప మాట. పోకచెట్టు నీటి చెట్టు. ఏడాది పొడుగునా తడి లేనిదే బ్రతుకదు. ఈ కరువుసీమలో రెండువేల పోకలు పెరిగినవంటే వాటి వెనుక చెరువు, కాలువ, చెరువును కాచే కట్టుబాటు ఉండితీరవలెను. మనము 'అనాదిగా కరువుసీమ' అని వ్రాసుకొంటూ వచ్చిన మాటను ఆ ఒక్క దానవాక్యం ప్రశ్నిస్తున్నది. కరువు వ్రాసుకొన వచ్చినారా అని అడిగిన అవ్వకు చెప్పవలసిన సమాధానం ఆ శాసనంలో ఉన్నది. కాని ఆమెకు అది చదివి వినిపించినవారు లేరు.

జైనమన్న మాట వచ్చినది కనుక దాన్నీ దాటవేయరాదు. కంబదూరు గుళ్ళలో జైనుల ఆనవాళ్ళను పరిశోధకులు గుర్తించినారు. కొనకొండ్ల మొదలు అమరాపురం దాకా ఈ జిల్లా ఒకప్పుడు జైనానికి పట్టుగొమ్మ, పి. బి. దేశాయి 1957లో ప్రకటించిన దక్షిణభారత జైన చరిత్ర చూచినవారికి ఇది విదితం. మన విజ్ఞానయాత్రల్లో ఈ ప్రసంగం రాగానే అధ్యాపకులు మాట మార్చుట నేను ఎరుగుదును. కొందరికి ఇది శైవానికి అపకీర్తిగా తోస్తుంది. మరి కొందరు దీన్ని వివాదానికి వాడుకొనజూస్తారు. నాకు రెండూ సమ్మతం కావు. పౌసానియాస్ దేవుడినే తప్పుగా చెప్పినా పొసైడన్ గుడి పడిపోలేదు, ఎథీనాకు లోటు రాలేదు. శాసనం దొరికినప్పుడు దిద్దుకొన్నారు. ఒక స్తంభం మీద జినబింబం ఉంటే అది అక్కడ ఉన్నదని విద్యార్థికి చూపవలెను. అదే స్తంభానికి ఆనుకొని నేటి భక్తురాలు మల్లయ్యకు మ్రొక్కుతుంటే అదీ చూపవలెను. రెండూ ఒక్క రాతి చరిత్రే. ఇరవై నిమిషాల యాత్రలో ఈ రెండవ మాటకు తావు ఉండదు. తొందరలో చెప్పిన సగం మాటే కలహమవుతుంది.

మధ్యాహ్నం మేము వాదించుకొన్నాము. శిష్యుడి అభిప్రాయం, సూనియంవలె ఇక్కడ కూడ చుట్టూ కంచె కట్టి, చీటీ పెట్టి, స్తంభాల దగ్గరకు ఎవరినీ రానీయకుండా చేయవలెనని. అట్లుంటే నా రెండక్షరాలు పడేవి కావని కూడ అన్నాడు. కాదనలేను. చట్టం లేక కాదు. రక్షిత కట్టడాన్ని పాడుచేసినవారికి రెండేండ్ల వరకు కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా అని 1958 నాటి చట్టాన్ని 2010లో సవరించినారు. అయినా నేను కంచెకు ఒప్పుకొనలేకపోయినాను. సూనియంలో పూజ ఆగిపోయి వందల సంవత్సరాలు గడచినవి. అక్కడి గుడి శిల్పం; దాన్ని కంచె కాపాడగలదు. ఇక్కడ సందేళ దీపం వెలుగుతున్నది. నూనె తెచ్చే ఆ అవ్వ చేసేది కూడ దానమే. ఆమె పేరు ఏ రాతి మీదా లేదు, అంతే. ఆమెను కంచె వెలుపల నిలిపి, చీటీ కొన్నవాడిని లోపలికి పంపే రక్షణ నాకు రక్షణగా తోచదు. ఊరివారు సున్నం కొడతారు, సిమెంటు పూస్తారు, రంగు వేస్తారు అని అతడు అన్నాడు. నిజమే, చాలాచోట్ల చేసినారు. కాని వారికి రాతి విలువ చెప్పవలసిన మనము ఇరవై నిమిషాలు నిలిచి వెళ్ళిపోయినాము కదా! ఈ వాదం తెగలేదు. అతడిప్పటికీ కంచె పక్షమే.

కంచె ఉన్నా లేకున్నా పెద్ద చేతులకు అడ్డు లేదనుటకు ఈ సీమ స్తంభాలే సాక్ష్యం. 1014 నుండి 1044 వరకు ఏలిన రాజేంద్రచోళుడు నొళంబుల నల్లరాతి స్తంభాలను నలుబది నాలుగింటిని తరలించుకొనిపోయి కావేరీతీరాన తిరువయ్యారులో నిలిపినాడు. నేటికీ అక్కడి దక్షిణకైలాసం గుడిలో వాటిని చూడవచ్చు. సూనియం స్తంభపు తునకలు సముద్రాలు దాటి ఇంగ్లండులోని ఛాట్స్‌వర్త్ ఉద్యానంలో ఒక ప్రభువు అర్ధప్రతిమకు పీఠమైనవి. తిరువయ్యారు స్తంభాలు మాత్రం గుడి నుండి గుడికి పోయినవి. అంతవరకు రాజేంద్రుడు మేలు. మదరాసు మ్యూజియానికి చేరిన హేమావతి శిల్పాలను గూర్చి శివరామమూర్తిగారు 1964లో పుస్తకమే వ్రాసినారు. కావున నొళంబ శిల్పాన్ని నొళంబసీమలోనే చూడగలిగే చోట్లు మనకు మిగిలినవి కొన్నే. వాటిలో కంబదూరు ఒకటి.

ఇక మిత్రులకు నా సూచన. యాత్రకు పదిహేను రోజుల ముందు విద్యార్థులకు శాసనపాఠం చెప్పవలెను. దక్షిణభారత శాసనసంపుటాల్లో 1939లో వెలువడిన తొమ్మిదవదాని మొదటి భాగం ఈ ప్రాంతపు కన్నడ శాసనాలతో నిండి ఉన్నది. భాష హళెగన్నడమైనా లిపి నాటి తెలుగు కన్నడ లిపియే. 'సమధిగతపంచమహాశబ్ద' అని మొదలయ్యే బిరుదావళి సంస్కృతం చదివేవారికి క్రొత్త కాదు. ఈ సీమలో కన్నడం రానివాడు సగం చరిత్రకు చెవిటివాడే. మన పాఠ్యప్రణాళికలో ఇంతవరకు ఆ భాషకు చోటు లేకపోవుట నా చిరకాలపు ఫిర్యాదు. అది వేరే సంగతి. తెల్లవారి బయలుదేరి ఎండ ముదరకముందే గుడి చేరవలెను. ఒక్కొక్కరికి ఒక్కొక్క స్తంభం అప్పగించి, దాని చదరాలు, వలయాలు, బొమ్మలు ఉన్నవి ఉన్నట్లు కాగితం మీద గీయుమనవలెను. చేయి గీస్తున్నప్పుడే కన్ను చూస్తుంది. మేకులు తేవద్దని చెప్పనక్కరలేకుండానే పిల్లలకు అర్థమవుతుంది.

సాయంకాలం దీపారాధనకు ముందు ఊరివారిని గుడి ముందర కూర్చుండబెట్టి, ఈ సీమ శాసనాల్లో రెండింటిని తేటతెలుగులో చదివి వినిపించవలెను. దానకర్త ఎవరు, ఏమి ఇచ్చినాడు, ఏ చెరువు క్రింద ఎంత నేల, దాన్ని హరించినవానికి ఏమి శాపం, చెక్కినవాడెవడు, ఇవన్నీ రైతుకు తెలిసిన మాటలే. ఆ పాఠాన్ని, పిల్లలు గీచిన చిత్రాలను కట్టగట్టి ఒక ప్రతి ఊరి బడిలో ఉంచి రావలెను. దాని మీద విద్యార్థులు తమ పేర్లు నిండుగా వ్రాసుకొనవచ్చు.

బస్సు బాడుగ దండుగ అనే మాటకు ఇంతకన్న నా దగ్గర సమాధానం లేదు. హేమావతి మరుసటి ఏడు. దొడ్డేశ్వరాలయపు జాలకాలకు, మానవాకృతిలో కూర్చొన్న సిద్ధేశ్వరునికి కూడ ఒక నిండు పగలు కావలెను.

మేము ఆ దినం దీపం దాకా ఉన్నాము. వెలుగు ఏటవాలుగా పడినప్పుడు, పగలంతా నున్నగా కనిపించిన ఒక రాతిలో సన్నని లతల పని బయటపడినది. శిష్యుడు గబగబ గీచుకొన్నాడు. నా రెండక్షరాలు కూడ ఆ వెలుగులో మరింత స్పష్టంగా కనిపించినవి. అవ్వ నూనెగిన్నెతో వచ్చి, "ఇంకా ఉండారే!" అన్నది. కారెక్కుతూ శిష్యుడు, "ఈసారి వచ్చినప్పుడు హేమావతికి పోదామయ్యవారూ" అన్నాడు. మండపం పైకప్పు మేమింకా చూడనే లేదని జ్ఞాపకం చేసినాను. కల్యాణదుర్గం చేరేదాకా మేము కప్పును గూర్చే మాటాడుకొన్నాము.